కాలువ లేని మడి

ఒక ఊరి చెరువు కింద అందరి మళ్లకూ కాలువ ఉంది, ఒక్క మడికి తప్ప. అది మెరక మీద ఉంది. తూము ఎత్తినప్పుడు వచ్చే నీళ్లు చుట్టుపక్కల మళ్లన్నీ తడిపి, ఆ మెరకను ఒరుసుకుంటూ పల్లానికి జారిపోయేవి. మడి పక్కనే చిన్న కుంట. ఊటనీళ్లూ, కాలువల్లోంచి తప్పించుకున్న నీళ్లూ అందులో చేరేవి. కుంట నిండుగానే ఉండేది. కానీ నీళ్లు వాటంతట అవి మెరక ఎక్కవు కదా. అందుకని ఆ మడి గల అన్నదమ్ములిద్దరూ పొద్దునా సాయంత్రమూ కుంటకు చెరో పక్క నిలబడి గూడ వేసేవాళ్లు. తాళ్లు సడలిస్తే గూడ నీళ్లలో మునిగేది. బిగించి లాగితే లేచి, ఊగి, మడిలోకి కుమ్మరించేది. ముంచడం, లేపడం, కుమ్మరించడం. ఇద్దరి చేతులూ ఒకే తాళంలో ఉన్నంతకాలం ఆ మడి కాలువ కింద ఉన్న మళ్లకు దీటుగా పండేది.

ఒక రాత్రి ఎవరిదో బర్రె తాడు తెంపుకుని వచ్చి మడి గట్టు మీద కాలు జారింది. గట్టు లోపలి వైపు ఒక తట్టెడు మట్టి ఊడి కుంటలో కలిసిపోయింది. ఏళ్ల తరబడి మెదిగి, పేరుకుని, గట్టిపడ్డ మట్టి అది.

పొద్దున్నే అది చూసి ఇంటి పెద్దాయన గుండె పట్టుకున్నాడు. "గట్టుకు దెబ్బ తాకింది. ఇగ గూడ ముట్టకుండ్రి. మడి కొన్నాళ్లు పండుకోనీయిండ్రి" అన్నాడు. కొడుకులు గూడను వేపచెట్టుకు తగిలించారు.

మొదటి వారం అందరికీ నిమ్మళంగానే ఉంది. గట్టు ఇంకా జారలేదు, అదే పదివేలు అనుకున్నారు. రెండో వారానికి మడిలో తేమ ఇంకిపోయింది. నాలుగో వారానికి వేలు దూరేంత నెర్రెలు పడ్డాయి. తడి అందక గట్టు మీది గరిక ఎండింది. గరిక ఎండితే వేళ్లు పట్టు వదిలాయి. వేళ్లు వదిలితే, దెబ్బ తగలని చోట కూడా గట్టు పొడిపొడిగా రాలడం మొదలైంది. చెట్టుకు వేలాడిన గూడ ఎండి బీటలు వారింది. పనిలేక అన్నదమ్ముల చేతులు మెత్తబడ్డాయి. తమ్ముడి చేతులైతే మరీను.

అప్పుడు పుట్టింది భయం. మడి పోతుందని పెద్దన్నకు నిద్ర పట్టలేదు. ఒకరోజు తెల్లారకముందే తమ్ముణ్ని లేపి, పొద్దు గూకేదాకా గూడ వేయించాడు. నెల రోజుల బాకీ ఒక్కరోజులో తీర్చాలని అతని ఆత్రం. తమ్ముడి వైపు తాడు సడలి గూడ ప్రతిసారీ ఒక పక్కకే ఒరిగింది. నీళ్లన్నీ గట్టు మీద ఒకే చోట పడ్డాయి. ఆ రాత్రి గట్టు మళ్లీ జారింది. ఈసారి రెండు తట్టలు.

"చెప్పిన కదా ముట్టొద్దని" అన్నాడు పెద్దాయన. మళ్లీ గూడ చెట్టెక్కింది.

చిన్న కోడలు మాట్లాడకుండా పోయి ఊరి నీరటిని పిలుచుకొచ్చింది. తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంత పారాలి అన్నది తప్ప నలభై ఏళ్లుగా ఆయనకు వేరే ధ్యాస లేదు. చెప్పులు విడిచి గట్టు మీద అటూ ఇటూ నడిచాడు. వంగి మట్టి నలిపి చూశాడు. ఎండిన గరిక ఒకటి పీకి వేరు చూశాడు. ఆ తర్వాత అన్నదమ్ముల్ని చెయ్యి చాపమని ఇద్దరి ముంజేతులూ పట్టి చూశాడు.

"ఇయ్యాల ఇరవై గూడలు ఏసి ఆపుండ్రి. రేపు పొద్దుగాల వట్టి కాళ్లతోని గట్టు మీద నడువుండ్రి. కాలు దిగితే ముందటి లెక్కకు పోవాలె. దిగకపోతే ఇంకో అయిదు."

"ఇరవై గూడలకు మడి ఏం తడుస్తది?" అన్నాడు పెద్దన్న.

"మడి తడిసెటందుకే కాదు. మీ చేతులకు, గట్టుకు కూడా అలవాటు కావాలె."

ఇంకో మాట కూడా చెప్పాడు. గట్టు పొడుగునా గరిక నాటమన్నాడు, దెబ్బ తగిలిన చోట మరింత ఒత్తుగా. తమ్ముణ్ని రోజూ కాసేపు ఒంటరిగా బిందెతో తోడమన్నాడు, అన్న చేతులతో సమానమయ్యేదాకా.

ఇరవై, ఇరవై అయిదు, ముప్పై. ఒకనాడు పొద్దున కాలు దిగింది. అన్నకు కోపం వచ్చింది కానీ ఇరవై అయిదుకు తగ్గారు. మూడు రోజుల తర్వాత మళ్లీ ముప్పై. నాటు వేసి కోత కోసేంత కాలం పట్టింది. గరిక అల్లుకుంది. నెర్రెలు పూడాయి. మడి పచ్చబడింది.

పెద్దాయన కర్ర ఊతంతో వచ్చి, బర్రె జారిన చోటునే చూశాడు. అక్కడ గుంట అలాగే ఉంది.

"పోయిన మట్టి మళ్ల రాలేదు కదా?"

"రాలేదు" అన్నాడు నీరటి. "దాని పని ఇప్పుడు గరిక చేస్తంది."

నీతి: కాలువ లేని మడికి కదలికే కాలువ. ఎంత కదలాలో మర్నాటి పొద్దున గట్టునే అడగాలి.

ఈ కథ నేను అల్లుకున్నదే. నీరటి మాత్రం మా తాత. ఓరుగల్లు దిక్కున మా ఊరి చెరువు కట్ట మీద ఆయన వెనక తిరిగిన చిన్నతనం నాది. తర్వాత ఫిజియోథెరపీ చదివి, మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్ల మధ్యే పనిచేస్తున్నాను. మోకాలి లోపల ఏం జరుగుతోందో చెప్పడానికి చాలాకాలం ప్లాస్టిక్ ఎముకల బొమ్మ వాడాను. అది చూసి తలలూపేవాళ్లు, ఇంటికి పోయి మంచమెక్కేవాళ్లు. మడి కథ చెప్పడం మొదలుపెట్టాక మంచం దిగడం చూశాను.

మోకాలి ఎముకల చివర్ల మీద తెల్లగా, నున్నగా, గాజుపూత పూసినట్టుండే పొర ఉంటుంది. బడి పుస్తకాల్లో దాన్ని మృదులాస్థి అంటారు, వాడుకలో గుజ్జు అంటాం. మందం చాలాచోట్ల 2 నుంచి 4 మిల్లీమీటర్లు, చిప్ప వెనక ఇంకాస్త ఎక్కువ. అందులో ముప్పాతిక వంతు దాకా నీరే. మిగతాది నీటిని పట్టి ఉంచే పదార్థాలూ, వాటిని కట్టి ఉంచే కొల్లాజెన్ పోగులూ. వాటి మధ్య అక్కడొకటి అక్కడొకటిగా కణాలు. ఆ పొరలోకి రక్తనాళం ఒక్కటీ పోదు. నరమూ పోదు. ఇదే కాలువ లేని మడి. దాని తిండి అంతా చుట్టూ ఉన్న జిగురు ద్రవంలో ఉంటుంది. అడుగు మోపినప్పుడు పొర నొక్కుకుని లోపలి నీరు బయటికి వస్తుంది, అడుగు ఎత్తినప్పుడు పోషకాలతో కూడిన ద్రవాన్ని మళ్లీ పీల్చుకుంటుంది. ముంచడం, లేపడం. గూడ వేసే ఆ ఇద్దరు అన్నదమ్ములూ తొడ ముందు కండ, వెనక కండ. నడకలో ఒకరి తాడు సడలితే బరువు ఒకే చోట పడుతుంది.

గుజ్జు అన్న మాట మీద నాకు ఒక ఫిర్యాదుంది. ఆ మాట వినగానే, వాడితే అయిపోయే వస్తువేదో మోకాల్లో ఉందన్న బొమ్మ మనసులో పడుతుంది. సీసాలో నూనె లాగా, సబ్బుబిళ్ల లాగా. "గుజ్జు అరిగింది" అనగానే మిగిలిన కాస్తా దాచుకుందామని కాలు కదపడం మానేస్తారు. నిజానికి అది పెరట్లో మొక్క లాంటి బతికున్న పదార్థం. బరువు మోయడం దాని తిండి తినే పద్ధతి. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలనివాళ్లలో ఏ దెబ్బా తగలని మోకాలి మృదులాస్థి కూడా పలచబడటం స్కానింగుల్లో కనిపించింది. అరిగేంత నడక వాళ్లకు లేదు. బరువు మోయకనే పలచబడింది.

పోయిన మట్టి తిరిగి రాదన్న సంగతి వైద్యులకు పాతదే. 1743లో విలియం హంటర్ లండన్‌లోని రాయల్ సొసైటీకి కీళ్ల మృదులాస్థి గురించి రాసి పంపిన పత్రంలో, చెడిపోయిన ఆ పొర తిరిగి బాగుపడదని తేల్చి చెప్పారు. తర్వాతి రెండు వందల ఏళ్లకు పైగా ఆ మాటకు జనం తీసుకున్న అర్థం "కదపొద్దు" అనే. దాన్ని గట్టిగా ఢీకొన్నవాళ్లలో కెనడా వైద్యుడు రాబర్ట్ సాల్టర్ ఒకరు. టొరంటోలో 1970ల్లో ఆయన కుందేళ్ల మోకాలి మృదులాస్థిలో చిన్న రంధ్రాలు చేసి, కొన్నింటికి కట్టు కట్టారు, కొన్నింటిని బోనులో తిరగనిచ్చారు, కొన్నింటి కాళ్లను యంత్రంతో ఆగకుండా నెమ్మదిగా ఆడించారు. యంత్రంతో కాళ్లు ఆడించినవే అన్నిటికంటే మేలుగా మానాయి. ఆ ఫలితాలను 1980లో ప్రచురించారు. కుందేలు కుందేలే, నడి వయసు మనిషి మోకాలు అలా మానుతుందని నేను చెప్పను. కానీ దెబ్బ తగిలిన కీలుకు కట్టు కట్టి పడుకోబెట్టడమే క్షేమం అన్న నమ్మకం అక్కడ కదిలిపోయింది.

గరిక సంగతి ఇంకా ముఖ్యం. చాలామందికి ఇదే అర్థం కాదు. వ్యాయామం చేస్తే పోయిన గుజ్జు పెరుగుతుందా అని అడుగుతారు. ఊడిన ముక్క పెరగదు. పెరిగేది తొడ కండ, పిర్ర కండ, పిక్క. అడుగు నేలకు తాకిన అదురును అవి ముందే పట్టుకుంటాయి, ఆ మేరకు ఎముకల మధ్య పొర మీద దెబ్బ తగ్గుతుంది. తీరా మోకాలికి దెబ్బ తగిలితే మొట్టమొదట చిక్కిపోయేది కూడా ఆ తొడ కండే. మోకాల్లో కొద్దిగా ద్రవం చేరితే చాలు, వెన్నుపాము ఆ కండకు పంపే ఆజ్ఞను తగ్గించేస్తుంది. మనిషి ఎంత గట్టిగా బిగించాలనుకున్నా కండ సగమే పలుకుతుంది. దానికి తోడు నెల రోజులు మంచం. గట్టు మీద గరిక ఎండటమంటే ఇదే.

ఆ కండను తిరిగి తేవడానికి ఉత్తుత్తి ఊపులు చాలవని నిరూపించినవాడు థామస్ డెలోర్మ్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైన్యంలో డాక్టరు. చిన్నప్పుడు రుమాటిక్ జ్వరంతో మంచాన పడి, బరువులెత్తి కోలుకున్న మనిషి. షికాగోలోని గార్డినర్ జనరల్ హాస్పిటల్‌కు కాళ్లు దెబ్బతిన్న సైనికులు కుప్పలుగా వచ్చేవారు. తేలిక బరువులతో వందలసార్లు ఊపించడం అప్పటి పద్ధతి. ఆయన ఎదురు దారి పట్టాడు. మనిషి పదిసార్లకు మించి ఎత్తలేనంత బరువు పెట్టించి, కండ బలపడిన కొద్దీ ఆ బరువు పెంచుకుంటూ పోయాడు. 1945లో తన ఫలితాలు రాశాడు. ఈరోజు ఏ ఊళ్లోనైనా ఫిజియోథెరపిస్టు "పదేసిసార్లు, మూడు విడతలు" అంటున్నాడంటే ఆ మాట వెనక ఆయన ఉన్నాడు.

మరి ఆపరేషన్? ఎముకల మధ్య నెలవంక ఆకారంలో ఉండే మెనిస్కస్ అనే మెత్త కూడా ఇలాంటి మడే. దాని బయటి అంచుకే రక్తం అందుతుంది, లోపలి భాగానికి అందదు. నడి వయసులో అది చిరిగినట్టు ఎంఆర్‌ఐలో కనిపించగానే కోసి తీసేయించుకోవాలని తొందరపడతారు. నార్వేలో ఇలాంటి చిరుగు ఉన్న 140 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆపరేషన్, ఇంకో జట్టుకు 12 వారాల పాటు వారానికి రెండు మూడుసార్లు వ్యాయామం ఇచ్చారు. 2016లో వచ్చిన ఫలితం ప్రకారం రెండేళ్ల తర్వాత నొప్పిలో, పనిపాటల్లో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడో నెలలో తొడ బలం వ్యాయామం చేసినవాళ్లలోనే ఎక్కువ. వాళ్లలో సుమారు అయిదో వంతు మంది తర్వాత ఆపరేషన్‌కు వెళ్లారు, అదీ చెప్పాలి. అందరికీ ఒకే దారి ఉండదు. మోకాలు ఒక చోట ఇరుక్కుపోయి చాచలేకపోతున్నా, ఊడిన ముక్క లోపల తిరుగుతున్నా, కుర్రవాడి మృదులాస్థిలో పెద్ద గుంట పడినా ముందు ఎముకల డాక్టరు చూడాలి. జ్వరంతో పాటు మోకాలు ఎర్రగా, వేడిగా ఉబ్బితే అదే రోజు వెళ్లాలి. ఆపరేషన్ అయ్యాక కూడా నెలల తరబడి గూడ వేయాల్సిందేనని ఆ డాక్టర్లే చెబుతారు.

ఒకామెను గురించి చెబుతాను. నాట్లు వేసే కూలి, నలభై ఆరేళ్లు. యాసంగి నాట్లప్పుడు గట్టు మీద కాలు జారి మోకాలు మెలిపడింది. స్కానింగులో చిప్ప వెనక మృదులాస్థి దెబ్బతిన్నట్టు, మెనిస్కస్ లోపలి అంచు చిరిగినట్టు వచ్చింది. అత్తగారు, ఆడపడుచు, పక్కింటివాళ్లు అందరూ ఒకే మాట: పండుకో. ఆరు వారాలు పడుకుంది. నా దగ్గరికి వచ్చేసరికి చిప్పకు పదిహేను సెంటీమీటర్ల పైన టేపు పెట్టి చూస్తే, దెబ్బ తగిలిన కాలి తొడ రెండో దానికంటే రెండున్నర సెంటీమీటర్లు సన్నబడింది.

మోకాలి కింద తువ్వాలు చుట్టి పెట్టి, "అక్కా, ఈ తువ్వాలును నేలకు అదుము" అన్నాను. అదిమింది. తొడ మీద నా వేళ్లకు ఏమీ తగల్లేదు. మొహం మాత్రం బిగిసింది, పళ్లు కరుచుకుంది, రెండో కాలు కూడా బిగిసింది. ఆ కండ ఒక్కటే పలకలేదు. బాగున్న కాలుతో ముందు చేయించి, చిప్ప ఎలా పైకి జరుగుతుందో ఆమె వేళ్లతోనే తాకి చూడమన్నాను. మళ్లీ దెబ్బ తగిలిన కాలు. ఏడోసారో ఎనిమిదోసారో చిప్ప పైన సన్నగా ఒక అదురు. అన్నం ఉడుకుతుంటే మూత కదిలినట్టు. ఆమె వేళ్లకూ తగిలింది. "కదిలింది సారూ" అంది. అయిదు సెకన్లు పట్టి ఉంచడం, వదలడం, పదిసార్లు. ఆ రోజుకు అంతే.

అప్పుడు మడి కథ చెప్పాను. చెరువు కింద పుట్టి పెరిగిన మనిషికి గూడ గురించి నేను వివరించాల్సిన పని పడలేదు, ఆమే నాలుగు మాటలు కలిపింది. లెక్క ఇంటర్ చదివే కూతురికి అప్పగించాం. ఒక నోటు పుస్తకం, రోజుకు రెండు వరసలు. పైన ఎన్నిసార్లు చేసింది. కింద మర్నాడు పొద్దున మోకాలు ఎలా ఉంది. చేసేటప్పుడు నొప్పి పదికి అయిదు దాకా వచ్చినా ఫరవాలేదు, కానీ మర్నాటి పొద్దుకు ఎప్పటిలా తగ్గి ఉండాలి, వాపు పెరగకూడదు. పెరిగితే ముందటి లెక్కకు వెనక్కి.

తువ్వాలు తర్వాత కాలు తిన్నగా ఎత్తడం. తర్వాత ఎత్తు కుర్చీ మీంచి చేతులు ఆనించకుండా లేవడం, కూర్చోవడం. కుర్చీ ఎత్తు మెల్లగా తగ్గించాం. చీలమండకు ఉప్పు పొట్లం కట్టాం, కిలో బరువుకు అంతకంటే నమ్మకమైన తూకం ఇంట్లో ఏముంటుంది? తర్వాత పీట ఎక్కి దిగడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడటం. ఏప్రిల్లో పెళ్లికి పోయి, బరాత్‌లో రాత్రంతా ఆడి వచ్చింది. పుస్తకంలో ఆ మర్నాడు కూతురు ఎర్ర పెన్నుతో రాసింది: "వాపు ఉంది. అమ్మ ఏడ్చింది." ఆమె నాకు ఫోన్ చేసి మొత్తం పోయిందా సారూ అని అడిగింది. గట్టు మీద కాలు దిగింది, అంతే అక్కా, ముందటి లెక్కకు పోదాం అన్నాను. అయిదు రోజులకు వాపు దిగింది.

పన్నెండు వారాలకు రెండు తొడల మధ్య తేడా ఒక సెంటీమీటరుకు వచ్చింది. నేను మళ్లీ స్కానింగ్ తీయించలేదు. తీయిస్తే చిప్ప వెనక గుంట అలాగే కనిపించి ఆమెను భయపెట్టేది.

వానకాలంలో కూతురు కాలేజీకి పోతూ ఆ నోటు పుస్తకం నాకిచ్చి పోయింది. ఆఖరి పేజీలో పై వరసలో అంకె లేదు. "అమ్మ నాట్లకు పోయింది, ఒక పూట" అని ఉంది. కింది వరసలో మర్నాటి తేదీ వేసి, "వాపు లేదు" అని రాసి ఉంది.